ఫారం మీద పెట్టిన చుక్క

మా వదినకు రెండు కడుపులు పోయాయి. రెండూ ఆరో నెల దాటాకే పోయాయి. మూడోసారి నిలిచేనాటికి ఇంట్లో నర్సుని నేనున్నాను. ఈసారి బిడ్డ వదిన చేతికి రాకపోతే నా చదువు ఎందుకు, తగలెయ్యనా అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, పైకి కూడా అన్నాను.

మా ఊరు శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉంటుంది. మా అన్నది చేపల వేట, వదినది చేపల గంప. వదిన మా ఇంటికి కోడలిగా వచ్చేసరికి నాకు పదేళ్ళు. నా జడ వేసింది ఆవిడే, నా మొదటి ముట్టుకు పక్కన కూర్చుంది ఆవిడే. పదో తరగతి అయ్యాక అమ్మ పెళ్ళి చేసేద్దామంటే, "ఉండత్తా, దీన్ని సదివిద్దాం. ఒసే, నువ్వు తెల్లకోటు ఏసుకోవాల, నాను సూడాల" అని అడ్డం పడింది కూడా ఆవిడే. నర్సు చదువు అయ్యాక ఒక సబ్‌సెంటర్‌లో కాంట్రాక్టు మీద చేరాను. కడుపుతో ఉన్నవాళ్ళ ఇళ్ళకు తిరిగి పేర్లు రాసుకోవడం, సూది మందు వేయడం, రక్తపోటు చూడడం నా పని.

అక్కడే నాకు చుక్క సంగతి తెలిసింది. మా వైపు ఒక పట్టింపు ఉంది. నిండుకడుపు ముందు పోయిన కడుపుల ఊసు ఎత్తకూడదు. ఎత్తితే వాటికి మళ్ళీ దారి చూపినట్టేనట. అందుకని నర్సు వచ్చి ఎన్నో కాన్పు అని అడిగితే, రెండు పోయినావిడైనా సరే తడుముకోకుండా తొలిచూలు అంటుంది. పక్కన అత్తగారు ఉంటే ఆవిడ కూడా తొలిచూలే అంటుంది. రెట్టించి అడిగిన నర్సుకు మరోసారి ఆ గుమ్మంలో పీట వేయరు. మా సీనియర్ సిస్టర్ దీనికొక ఉపాయం నేర్పింది. కడుపుతో ఉన్నావిడ చెప్పిన అంకెనే రిజిస్టర్లో రాయాలి. దాని పక్కన చిన్న చుక్క పెట్టాలి. చుక్క ఉంటే పోయినవి ఉన్నాయని, జాగ్రత్తగా చూడాలని, నోటితో అడగకూడదని మా నర్సులందరికీ తెలుసు. డ్యూటీలో ఎవరున్నా ఆ చుక్క చూసి ఆవిణ్ణి నెలకు రెండుసార్లు పిలిపించేవాళ్ళు. ఎక్కడా రాసి లేని పద్ధతి అది, కానీ బాగానే నడిచేది.

ఆ తర్వాత ఒక ఆసుపత్రి వాళ్ళ పరిశోధన వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లో ఊళ్ళు తిరిగి మనుషుల్ని చేర్పించడానికి నర్సులు కావాలంటే పాత పని మానేసి అందులో చేరాను. ఆసుపత్రి పేరు రాయను, పరిశోధనకు పెద్దగా ఉన్న మేడం పేరు కూడా రాయను. నెలలు నిండకుండా ఎవరు కంటారో ముందే కనిపెట్టడం వాళ్ళ పని. ఐదో నెలలో గర్భసంచి ముఖద్వారం పొడవు స్కాన్‌లో కొలుస్తారు. దూదిపుల్లతో కాస్త తడి తీసి పరీక్షకు పంపుతారు. ముఖద్వారం పొట్టిగా ఉంటే కాన్పు ముందే వచ్చేస్తుందని ఒక లెక్క. ఆ లెక్క మన ఆడవాళ్ళ విషయంలో ఎంతవరకు నిలుస్తుందో చూడాలన్నారు. వింటుంటే నా ఒళ్ళు పులకరించిందంటే నమ్మండి. మా వదినకు కావలసింది ఇదే కదా, దేవుడు వెతుక్కుంటూ వచ్చాడు అనుకున్నాను.

ట్రైనింగ్‌లో కొలతలు ఆడవాళ్ళకు చెప్పొద్దన్నారు. చెబితే బెంగపెట్టుకుంటారట. నాకు ఆగదు కదా, లేచి అడిగాను.

"మరి తేడా కనబడితే ఎలాగ మేడం?"

మేడం నవ్వింది. మెత్తటి నవ్వు. "మేమున్నాం కదమ్మా" అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని ఏడాదిపాటు ఊళ్ళు తిరిగాను. ఒప్పుకోలు కాగితం ప్రతి ఇంట్లో చదివి వినిపించాలి. అందులో "ఫలితములు పరిశోధన ముగియువరకు వెల్లడించబడవు" అని ఒక వాక్యం ఉండేది. గబగబా చదివేసేదాన్ని. చదివాక మా భాషలో నా సొంత వ్యాఖ్యానం చేసేదాన్ని: "ఏటైనా తేడా ఉంటే ఆలే ఫోను సేస్తారు. సెయ్యనేదంటే బాగున్నట్టే." మా ఊళ్ళలో ఇది వెంటనే ఎక్కుతుంది. వేటకు వెళ్ళిన పడవ గురించి కబురు రాలేదంటే క్షేమమే. ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారంటేనే గుండె జారుతుంది. అందరూ తలలూపి వేలిముద్రలు వేసేవారు.

ఏడాది చివర్లో మా ఊరి వంతు వచ్చింది, కానీ మొదట్లో ఎవరూ ముందుకు రాలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, వదిన దగ్గర కూర్చున్నాను. వదిన అప్పటికి మూడో నెల నుంచి గుమ్మం దిగడం లేదు. మంచానికీ పెరటికీ తప్ప అడుగు తీసి అడుగు వేయడం లేదు. మా అమ్మ గ్రామదేవతకు మొక్కి తెచ్చిన దారం చేతికి కట్టుకుని రోజులు లెక్కపెట్టుకుంటోంది.

"ఓలమ్మ, నువ్వుండగా నాకేటే బయం? రాసీ" అంది. అని, నా చెయ్యి పట్టుకుంది. "అయితే ఒక్క మాట గుంటా. ఆ పోయిన రెండిటి ఊసు మాత్రం రాయొద్దు. తొలిచూలనే రాయి. ఈసారైనా దీన్ని నిలబడనీ."

"అలాగేలే వదినా. నానున్నాను కదా, నాను సూసుకుంటాను" అన్నాను.

ఎన్నో కాన్పు అన్న గడిలో ఒకటి అని రాశాను. మిగతా ఊళ్ళలో పెట్టినట్టే పక్కన చుక్క పెట్టాను. రిజిస్టర్లో పెట్టేదానికంటే కాస్త లావుగా, కనబడేలా పెట్టాను. నా మనసులో నేను వదినకు ఇచ్చిన మాట నిలబెట్టాను, డాక్టర్లకు చెప్పాల్సింది చెప్పాను. ఎంత తెలివైనదాన్నో అని మురిసిపోయాను కూడా.

స్కాన్‌కు నేనే తీసుకెళ్ళాను. తీసేవాడు తెర తన వైపు తిప్పుకున్నాడు. వదిన పడుకునే మెడ సాచి, "ఏటి కనబడ్డాది బాబూ?" అని అడిగింది. అంతా కంప్యూటర్లోకి వెళ్ళిపోతుందమ్మా అన్నాడు. బయటకొచ్చాక నన్ను అడిగింది.

"ఏటన్నారే?"

"ఏటీ అన్నేదు. ఫోను రాపోతే బాగున్నట్టే వదినా."

వారం గడిచింది. రెండు వారాలు గడిచాయి. ఫోన్ రాలేదు. నాకెంత సంతోషమో చెప్పలేను. పోయిన రెండుసార్లూ ఏదో అలా జరిగిపోయింది, ఈసారి మేడం చూసింది, అంతా బాగుంది అని ఇల్లంతా నేనే టాంటాం వేశాను. వదినకు మంచం మీద కూర్చుని కూర్చుని కాళ్ళు నీరు పట్టాయి. పిచ్చెక్కిపోతోందే అనేది. "తిరుగు వదినా, ఏటీ కాదు. ఒడ్డుకెల్లి అందర్నీ సూసి రా" అని నా నోటితోనే చెప్పాను.

వదిన ఒడ్డుకు వెళ్ళడం మొదలుపెట్టింది. మొదట ఊరికే కూర్చునేది. తర్వాత బేరాలు చూసేది. ఓ రోజు పొద్దున్న వలల్లో నెత్తళ్ళ చేప బాగా పడింది. గంప ఎత్తడానికి వంగబోయి, నడుం పట్టుకుని ఇసకలో కూలబడిపోయిందట. నేను పక్క ఊళ్ళో ఫారాలు రాస్తున్నాను. అన్న ఫోన్ చేసి, "ఒలే, బేగి రాయే, మీ వదినకి నీళ్ళు పోయినాయి" అన్నాడు. వెనకాల వదిన అరుపు వినబడుతోంది.

అప్పటికి ఆరో నెల నిండి కొద్ది రోజులే. అంబులెన్స్ పెద్దాసుపత్రికి చేరిన గంటలోపే కనేసింది. ఆడపిల్ల. నా అరచెయ్యీ వేళ్ళూ కలిపితే ఎంతో అంత ఉంది. అద్దాల పెట్టెలో పెట్టి గొట్టాలు వేశారు. నర్సుని కాబట్టి నన్ను లోపలికి రానిచ్చేవారు. వదినను రోజుకు ఒక్కసారి రానిచ్చేవారు. పెట్టెకున్న గుండ్రటి కంతలోంచి వేలు పెడితే ఆ పిల్ల దాన్ని పట్టుకునేది. పట్టుకుందే, సూసినావా, గట్టిగా పట్టుకుందే అని వదిన ఏడుస్తూ నవ్వేది. నాలుగో రోజు మధ్యాహ్నం పిల్ల వెళ్ళిపోయింది. మా అమ్మ గంప వల్లే అంది, ఇప్పటికీ అదే అంటుంది.

నాకు మాత్రం గంప మీద కోపం లేదు. ఫోన్ చేయని మేడం మీద కోపం. మర్నాడే ఆముదాలవలసలో పాసింజరెక్కాను. విజయనగరంలో వాళ్ళ ఆఫీసు. చీపురుపల్లి దాటేసరికి అనాల్సిన మాటలన్నీ నోట్లో సిద్ధమైపోయాయి. పక్కన కూర్చున్న ముసలమ్మ నా పెదాలు కదలడం చూసి కాస్త జరిగి కూర్చుంది.

ఆఫీసులో మేడం ఒక్కతే ఉంది. నేను కూర్చోలేదు.

"కొలత పొట్టిగా ఉందా లేదా చెప్పండి" అన్నాను.

"నిన్న కబురు తెలియగానే తెరిపించి చూశాను. పొట్టిగానే ఉంది. చాలా పొట్టిగా ఉంది" అంది.

"అయితే మీకు ముందే తెలుసు."

"తెలీదమ్మా. ఎవరికీ తెలీదు. కొలతలు తాళం వేసి ఉంటాయి, కాన్పులన్నీ అయ్యాకే తెరుస్తాం. పద్ధతే అది. ముందే చూస్తే మందు ఇవ్వకుండా ఉండలేం. మందిస్తే కాన్పు ఆగొచ్చు. అప్పుడు కొలత చెప్పింది నిజమో కాదో తేలదు."

అంటే ఎవరూ చూడలేదన్నమాట. ఏడాదిగా నేను ఇంటింటికీ తిరిగి, వాళ్ళు చూస్తున్నారు, వాళ్ళున్నారు అని చెప్పిన చోట ఎవరూ లేరన్నమాట.

"అంటే మా వదిన బిడ్డ చస్తేనే మీ కొలత నిజమని తేలుతుందా? థూ, ఇదేం చదువు మేడం? నమ్మించి గొంతు కోశారు. తేడా ఉంటే ఎలాగని అడిగితే మేమున్నాం కదా అన్నారు. మీరు అన్నారా లేదా?"

అరిచాను. బయట గుమస్తా లేచి నిలబడ్డాడు. మేడం అతన్ని చేత్తో ఆపింది.

"అన్నాను" అంది. "అనకుండా ఉండాల్సింది. నిజం చెబితే మీరెవరూ మనస్ఫూర్తిగా పనిచేయరని భయపడ్డాను. అది నా తప్పే." మళ్ళీ, "కానీ కాగితంలో ఉంది కదమ్మా. నువ్వే అందరికీ చదివి వినిపించావు" అంది.

ఆ మాటకు నేను ఇంకా మండిపోయాను. కాగితం భాష ఎవరికి అర్థమవుతుంది, చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఇంకేదేదో అన్నాను. మేడం అన్నీ విన్నాక బీరువాలోంచి వదిన ఫారం తీసి నా ముందు పెట్టింది.

"ఈ పరిశోధన ఇదివరకు ఏ ఇబ్బందీ లేనివాళ్ళ కోసం. ఎన్నో కాన్పు అన్న గడి చూసి, ముందు పోయినవాళ్ళని ఇక్కడ మేమే వేరు చేస్తాం. నేరుగా నా దగ్గరికి పంపిస్తారు, దాచకుండా కొలుస్తాం, అవసరమైతే ముఖద్వారానికి కుట్టు వేస్తాం, మాత్రలిస్తాం. మీ వదినకు ఆరో నెల దాటాక రెండు పోయాయని నిన్న ఆసుపత్రి వాళ్ళు చెబితే తెలిసింది నాకు. ఇక్కడ మొదటి కాన్పు అని ఉంది. ఇది నీ రాతే కదా?"

నా రాతే. ఒకటి అంకె, పక్కన చుక్క.

"చుక్క పెట్టాను కదా" అన్నాను.

"ఏ చుక్క?"

వేలు పెట్టి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది.

"ఇదా? పెన్ను ఆగిందేమో అనుకుంటారు దీన్ని ఎవరైనా. కంప్యూటర్లో అంకె ఎక్కించారు, అంతే. దీనికి అర్థం ఉందా?"

ఉందని చెప్పాను. సబ్‌సెంటర్లో మేమందరం పెట్టుకుంటామని చెప్పాను. అంత నోరున్నదాన్ని, అడిగితే ఊరంతా వినబడేలా అరిచేదాన్ని, ఆ చుక్కకు అర్థం ఇదీ అని ఈ ఆఫీసులో ఒక్కరికైనా చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచనే రాలేదు. మా నర్సులకు తెలిసింది లోకానికంతా తెలిసే ఉంటుందనుకున్నాను. అప్పుడు కూర్చున్నాను కుర్చీలో.

మేడం నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది. నేను రాసిన ఫారాలన్నీ తెప్పించింది, ఇద్దరం కూర్చుని చుక్కలు వెతికాం. చుక్కలున్నవాళ్ళలో ముగ్గురికి ఇంకా కాన్పు కాలేదు. ఆ సాయంత్రమే వాళ్ళ ఊళ్ళకు ఫోన్లు చేయించింది. ఒకావిడకు కుట్టు వేశారు. నెలలు నిండి కొడుకు పుట్టాడని, బారసాలకు రమ్మని పిలిచారు. నేను వెళ్ళలేదు. వెళ్ళి ఆ పిల్లాణ్ణి ఎత్తుకోవడం నా వల్ల కాదనిపించింది.

ఉద్యోగం ఆ రోజే మానేశాను. మేడం మీద నా కోపం తగ్గలేదు, ఇవాళ్టికీ తగ్గలేదు. చూడని వాళ్ళు చూస్తున్నామన్నట్టు నవ్వడం ద్రోహమే. కానీ ఇంటికి వెళ్ళి వదినకు అది ఒక్కటే చెప్పి ఊరుకోలేను కదా. ఊరుకుందామని అనుకోలేదని మాత్రం అనను. పాసింజర్లో తిరిగొస్తూ చీపురుపల్లి దాకా అదే అనుకున్నాను. తప్పంతా మేడందే అని చెప్పేస్తే వదిన నమ్ముతుంది, మా అమ్మ మేడాన్ని పదిమందిలో తిడుతుంది, నా పరువు నిలుస్తుంది. చుక్క సంగతి ఎవరు అడుగుతారని?

వదిన వెనక గదిలో ఉంది. పాలు పడి రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. పాలు ఇంకిపోవాలని మా అమ్మ మల్లెపూలు పెట్టి గుడ్డతో బిగించి కట్టింది. అయినా జాకెట్టు తడిసిపోతోంది. నేను పక్కన కూర్చుని అంతా చెప్పాను. తాళం వేసిన కొలత గురించి చెప్పాను, కుట్టు గురించి చెప్పాను, నిజం రాసి ఉంటే ఆ కుట్టు వేసేవారని చెప్పాను. చుక్క పెట్టాననీ, దానర్థం ఎవరికీ చెప్పలేదనీ చెప్పాను.

వదిన అంతా వింది. తర్వాత అడిగింది.

"కుట్టేస్తే బతికుండునా?"

"బతికుండునేమో వదినా. ఖాయంగా సెప్పలేం."

"నువ్వే రాయొద్దన్నావు కదా అని నన్నంటావేటి?"

"అన్ను వదినా. నానెందుకంటాను?"

"అను. రాయొద్దన్నాను. బయమేసి అన్నాను." లేచి కూర్చుంది. గుడ్డ జారితే మళ్ళీ బిగించుకుంది. "నాకైతే సదువు నేదు. నాకు తెల్దు. బయపడ్డ మనిసి ఏటంటే అది సెయ్యడానికేటే నిన్ను సదివించినాను? కసిరి, రెండు పోనాయని రాసేసి, నోరు మూసుకో వదినా అనుంటే ఏటయిపోను? నాలుగు రోజులు తిట్టుకుందును."

నేను కాళ్ళ మీద పడ్డాను. నన్ను తోయలేదు, ఎత్తలేదు కూడా. అవతలికి తిరిగి పడుకుంది. కన్నతల్లి కంటే ఎక్కువ చేసిన మనిషికి నేను చేసింది ఇదీ.

తర్వాత నాకు విజయనగరం జిల్లాలో, రామతీర్థం దగ్గర ఒక సబ్‌సెంటర్లో పని దొరికింది. అక్కడే గది తీసుకుని ఉంటున్నాను. చుక్కలు మానేశాను. ఇంట్లో అందరినీ బయటికి పంపేసి తలుపేసి, ఎన్ని పోయాయమ్మా అని నోటితోనే అడుగుతాను. కొందరు తిడతారు. ఒకావిడ చీపురు తీసింది. అడిగి రాసుకునే వస్తాను.

నెలకోసారి ఇంటికి వెళ్తాను. వదిన అన్నం పెడుతుంది, నేను ఇష్టపడే రొయ్యల వేపుడు చేస్తుంది, వెళ్ళేటప్పుడు బస్సు దాకా వస్తుంది. అందరం మామూలైపోయాం అనుకున్నాను. ఈ మధ్య పని ఎక్కువై రెండు నెలలు వెళ్ళలేకపోయాను.

పోయిన వారం విజయనగరం మార్కెట్లో మా పక్కింటి అప్ప కనబడింది. ఎండుచేపలు అమ్ముకోవడానికి వచ్చింది. ఇంట్లో అందరూ ఎలా ఉన్నారంటే, బాగున్నారంది. వదిన గురించి అడిగితే, "బాగున్నాదే, మొన్నే ఆసుపత్రికెల్లి కుట్టేయించుకుని వచ్చినాది" అంది.

"కుట్టేటి?"

"ఏటి కుట్టంటే, కడుపు నిలబడ్డానికి ఏస్తారు కదా, అది. ఐదో నెల. ఆ నర్సమ్మ అడక్కముందే తనే నోరిప్పి సెప్పేసినాదట. రెండు ఆరో నెల దాటినాక పోనాయి, మూడోది నాలుగు రోజులు బతికినాది అని. పక్కనున్న మీయమ్మ సెవులు మూసుకున్నాదట."

నా చేతిలోని సంచి కింద పెట్టాను. సంతోషంతో ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే అడిగాను.

"మరి నాకెవులూ సెప్పనేదేటి అప్పా?"

అప్ప ఎండుచేపలు ఇటూ అటూ సర్దింది. నా ముఖం చూడలేదు.

"నీ తోటి మాత్రం అనొద్దని మీ వదిన ఇంటింటికీ వచ్చి మరీ సెప్పినాదే గుంటా. నానే నోరు జారినాను."

ఊరంతటికీ తెలుసు. నాకొక్కదానికే తెలీదు.